లేత సొరకాయ, తేలని ధర

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రాయ్‌పూర్‌లో రైల్వే గుమాస్తాగా కొత్తగా చేరాను. ఫోన్‌లో కొన్ని డిజిటల్ కాయిన్లు కొనుక్కుని, రేపటి డబ్బంతా ఇదేనని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో కోత పండుగ. ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెస్తే, వేలం వేసి ఆ డబ్బు చర్చికి ఇస్తారు. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మరియమ్మగారు తన పాదుకు కాసిన మొదటి సొరకాయ తెచ్చారు. వేలంపాట ఐదు వందల దగ్గర ఆగింది. నేను లేచి, "నా కాయిన్లన్నీ ఇచ్చేస్తాను" అన్నాను.

"రూపాయల్లో ఎంత బాబూ?" అన్నారు పాస్టరుగారు.

ఫోన్ చూసి, "నాలుగు వేలండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మైకులో చెప్పబోయేసరికి అంకె మారింది. "కాదండి, మూడు వేల ఆరు వందలు" అన్నాను. మళ్లీ చూస్తే మూడు వేలే.

"అరే భయ్యా, పక్కా రేటు చెప్పు!" అని వెనక ఎవరో నవ్వారు.

అమ్మేద్దామని నొక్కితే, అమ్మకాలు తాత్కాలికంగా ఆపేశామని వచ్చింది. జేబులో ఇరవై రూపాయలున్నాయి.

మరియమ్మగారు మెల్లగా నా దగ్గరికొచ్చి, "కాయ ముదిరిపోయిందా బాబూ, అలా తగ్గించేస్తన్నావ్?" అన్నారు.

ఆ కాయిన్లు నిలుస్తాయో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ సొరకాయ మాత్రం గోరు గుచ్చితే దిగేంత లేతది. సిగ్గుతో ఆ ఒక్క మాటైనా ఆమెతో చెప్పలేకపోయాను.