బర్రె ఫైలు

మా ఆఫీసులో ఏ ఫైలునూ ఎవరూ నెంబరుతో పిలవరు. హన్మకొండలో కరెంటు ఆఫీసు మాది. అదెంత పెద్దదంటే, కింద కౌంటరులో ఇచ్చిన దరఖాస్తు పై అంతస్తుకు చేరేలోపు ఇచ్చినవాడి జుట్టు తెల్లబడుతుందని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. నమ్మకపోతే మా సూపరింటెండెంటును చూపిస్తాను. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు నల్ల జుట్టే.

అలాంటి చోట నెంబర్లు ఎవరికి గుర్తుంటాయి? అందుకే పేర్లు పెట్టుకున్నాం. కిటికీలోంచి కోతి లాక్కుని వేపచెట్టు మీదికి తీసుకుపోయింది కోతి ఫైలు. ఆ కోతి ఒక్కో పేజీ తిప్పి, చివర సంతకం లేదని చూసి, మళ్లీ మా బల్ల మీదే పడేసి పోయింది. ఇది నేను చెప్పే మాట. చూసినవాళ్లు రిటైరయ్యారు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి కుప్పల నడుమ కొలతలు తీసిన ఇంజినీరు తుమ్మి తుమ్మి అంకెలన్నీ వంకరగా రాసుకొచ్చింది తుమ్ముల ఫైలు. "ఆ తుమ్ములది ఇటు తే" అంటే కొత్త అటెండరు కూడా వారం తిరక్కుండానే సరైన కట్ట పట్టుకొచ్చేవాడు.

అప్పుడొచ్చింది సెర్చి.

దాన్ని పెట్టింది కంప్యూటర్ సెక్షన్‌కు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి. కాజీపేటలో రైల్వే వాళ్ల పిల్ల. ఏ రైలు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంటే ఏ ఫైలు ఎక్కడుందో కనిపించకపోవడమేమిటని ఆమె పట్టుదల. పాత కాగితాలన్నీ స్కాన్ చేయించి, ప్రతి కంప్యూటరులో తెల్లటి గడి ఒకటి పెట్టింది. ఆ గడిలో మాట కొడితే ఫైలు రావాలి. మావాళ్లు ఉత్సాహంగా కోతి ఫైలు అని కొట్టారు. ఏమీ రాలేదు. తుమ్ములు కొట్టారు. రాలేదు. రెండో రోజుకల్లా మళ్లీ బీరువాల చాటు నుంచి కేకలేసుకోవడం మొదలైంది.

"అసలు పేరు కొట్టాలె సార్" అంది ఆ అమ్మాయి నాతో.

"గదే అసలు పేరు బిడ్డా" అన్నాను.

ఆమె నవ్వలేదు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే తొర్రూరు దిక్కు ఊరి నుంచి ఒకామె వచ్చింది. పత్తి, వరి వేసుకునే మనిషి. మరునాడు వాళ్లింటికి స్లాబు. ఇనుప సలాక కట్టేశారు, కాంక్రీటు కలిపే మిల్లరు మాట్లాడుకున్నారు, కూలీలకు కోసి పెట్టడానికి యాటను కూడా తెచ్చి కట్టేశారు. కానీ ఇంటి మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి. మేస్త్రి కింద నుంచే ఒకసారి తల పైకెత్తి చూసి, తీగలు తీస్తే తప్ప నిచ్చెనెక్కనన్నాడు.

"కొత్త స్తంభాలు ఎన్నడో పాతిన్రన్నా, ఇంటెనుక నుంచి" అంది ఆమె. "పాతిన సారుకు బదిలయ్యింది. తీగలు మార్చుడు ఆగిపోయింది. మా లైన్‌మన్ ఇయ్యాల పొద్దుమీకేలోపు మారుస్తనంటాండు. మంజూరు కాగితం నకలు తెమ్మంటాండు. అది మీ పెద్దాఫీసుల ఉన్నదట."

సెర్చికి ఇదే అసలు పరీక్ష అనుకుంది కాజీపేట అమ్మాయి. కుర్చీ దగ్గరకు లాక్కుని కూచుంది.

"ఫైలు నెంబరు చెప్పు అక్కా."

"మాకేం నెంబరిచ్చిన్రు బిడ్డా. స్తంభాలు పాతి పోయిన్రు."

ఊరి పేరు కొట్టింది. ఏమీ రాలేదు. మా కాగితాల్లో ఊళ్లుండవు. ఏ ఊరికి ఏ లైను మీద కరెంటు పోతుందో ఆ లైను పేరే ఉంటుంది. లైను పేరు కనుక్కుని కొట్టింది. ఈసారి పత్తి ఏరే కాలంలో తొర్రూరు రోడ్డు మీద బండ్లు వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పేరు: లైను మార్పిడి, అంచనా, మంజూరు, గురించి.

"ఇన్నిట్ల మాదేదో ఎట్ల తెలుస్తది?" అంది ఆమె. కాసేపు తెర వంక చూసి, "ఆ సారు వచ్చిననాడు మా బర్రె ఆయన చేతిల నక్షా గుంజుకొని నమిలింది. గదన్న ఎవలకన్న యాదికుండదా?" అని అడిగింది.

సెక్షన్ మొత్తం కుర్చీల్లోంచి లేచింది. బర్రె ఫైలు.

ఆ కథను టీ తాగేటప్పుడు ఏళ్ల తరబడి చెప్పిన పెద్దమనిషిని నేనే. నా కథలో బర్రె నక్షాతోపాటు అందులో గీసిన కరెంటు లైనును కూడా మింగుతుంది. మరునాడు దాని పాలు పొయ్యి వెలిగించకుండానే పొంగుతాయి. ఎవరో అత్యుత్సాహంతో ఆమెకు ఇదంతా చెప్పారు. ఆమె నా వంక తిరిగింది.

"పాలేడియి అన్నా? అప్పుడది చూడి మీదున్నది."

ఆపైన గోల మొదలైంది. ఒకరు ఆ ఫైలు నర్సంపేట కట్టలో ఉంటుందన్నారు. ఇంకొకరు కాదు, పరకాల అన్నారు. వాళ్ల తప్పేం లేదు. పరకాల మనిషి పక్కన కూచుని టీ తాగితే నా బర్రె పరకాలదే అవుతుంది, అది మర్యాద. కాజీపేట అమ్మాయి చేతులు జోడించింది.

"సార్, ఇందుల నిజమెంత?"

ఇన్నేళ్ల సర్వీసులో నన్నా ప్రశ్న ఎవరూ అడగలేదు. కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

"బర్రె తిన్నది నిజం" అన్నాను. "సారు మళ్ల గీసిండు, అదీ నిజం. సిమెంటు బస్తా చింపి దాని మీద గీసిండన్నది మాత్రం..."

"అది నిజమే అన్నా. బస్తా ఇచ్చింది నేనే."

"అట్లనా? నేను కల్పించిన అనుకుంటాన్న."

అమ్మాయి బర్రె అని కొట్టింది. లేదు. గేదె. లేదు. పశువు. అదీ లేదు. ఇంతలో తొర్రూరు నుంచి వచ్చినామె ఫోను మోగింది. అవతల ఆమె భర్త. రేపటికి కూలీలను రమ్మనాలా వద్దా అని మేస్త్రి గంట నుంచీ ఇంటి ముందే కూచున్నాడట.

"జర ఆగుమను" అంది ఆమె గొంతు తగ్గించి. "ఈడ సార్లందరు బర్రెను దేవులాడుతాన్రు."

అప్పుడు మా సూపరింటెండెంటు కదిలాడు. మేమందరం ఆయన్ని భాయ్ సాబ్ అంటాం.

"సర్కారు కాగితంల బర్రె తింటదా మియా?" అన్నాడు. "ఆ సారు జాగల నేనుంటే అనివార్య కారణాల వల్ల అని రాస్తుంటి. గది కొట్టు బేటీ."

కొట్టింది. తెర నిండిపోయింది. కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. మా ఆఫీసులో ఇంతకాలం జరిగినవన్నీ, జరగనివన్నీ అనివార్య కారణాల వల్లనేనని ఆరోజు తెలిసింది. అందులో భాయ్ సాబ్ పెట్టుకున్న పాత సెలవు చీటీ కూడా ఉంది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చదువుకున్నాడు.

"ఇది మా బామ్మర్ది పెండ్లికి పెట్టింది" అన్నాడు.

అందరం నవ్వాం, తొర్రూరు నుంచి వచ్చినామె తప్ప. ఆమె గోడ గడియారం వంక చూస్తోంది. అది గమనించి మా నవ్వు కూడా ఆగింది. కాజీపేట అమ్మాయి వేళ్లు మీటల మీద అలాగే పెట్టుకుని, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "బర్రె చేసింది రాయరు. సార్ చేసింది రాస్తరు కదా."

లైను పేరు కొట్టి, దాని పక్కన 'తిరిగి గీయబడినది' అని కొట్టింది.

ఒక్కటే వచ్చింది. తెరిస్తే చింపిన సిమెంటు బస్తా ముక్క, దాని మీద పెన్నుతో గీసిన నక్షా. కింద ఒక వాక్యం: మొదటి నక్షా స్థలం వద్ద పాడైనందున తిరిగి గీయబడినది. పాపం, బర్రె ఊసే లేదు. తర్వాతి పేజీ మంజూరు.

ఆమె వంగి తెర మీద వేలు పెట్టింది. "ఇది మా ఇల్లు. ఇది కొట్టం." భాయ్ సాబ్ నకలు మీద ముద్ర వేసి, అక్కడి ఆఫీసుకు తనే ఫోను చేశాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది. తీగలు ఇంటి వెనక్కి పోయాయి. మీరందరూ రేపు భోజనానికి రావాలంది.

ఆ మధ్యాహ్నమే అమ్మాయి ప్రతి ఫైలు అసలు పేరు కింద ఇంకో గడి చేర్చింది. దానికి 'మనం ఏమంటాం' అని పేరు పెట్టింది. ఎవరైనా అందులో రాయొచ్చు. నాకు మాత్రం ఒక షరతు: పేరు రాయాలి, కథ రాయకూడదు. కోతి, తుమ్ములు, బర్రె అన్నీ ఎక్కించాం. ఇప్పుడు పై అంతస్తులో పెద్ద సారు కూడా తలుపేసుకుని కోతి అని కొట్టుకుంటున్నాడని వినికిడి. ఇది నేను పుట్టించింది కాదు, ఆయన అటెండరు చెప్పాడు.

మరునాడు భాయ్ సాబ్, కాజీపేట అమ్మాయి, నేను ముగ్గురం తొర్రూరు బస్సెక్కాం. భాయ్ సాబ్ అనివార్య కారణాల వల్ల సగం రోజు సెలవు రాసిచ్చాడు. మేం పోయేసరికి మిల్లరు తిరుగుతోంది. తట్టలు చేతులు మారుతూ నిచ్చెన మీదుగా పైకి పోతున్నాయి. మేస్త్రి స్లాబు మీద నిటారుగా నిలబడి అరుస్తున్నాడు. ఆయన తల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

లైన్‌మన్ కూడా భోజనానికి వచ్చాడు. తన ఆఫీసులో అప్పజెప్పాల్సిన మంజూరు నకలును కొట్టం గోడ మీద పెట్టి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ కొట్టంలో కట్టేసి ఉన్నది ఆనాటి చూడి బర్రెకు పుట్టిన దుడ్డె. ఇప్పుడది ఎదిగిన బర్రె. నేను తిరిగి చూసేసరికి భాయ్ సాబ్ వేసిన ముద్ర ఒక్కటే దాని మూతి బయట ఉంది. అదీ మెల్లగా లోపలికి పోయింది.

"నా నౌకరి పాయె" అన్నాడు లైన్‌మన్.

"నీ తల్లి బుద్ధే నీకు" అంటూ ఇంటామె బర్రె వీపు మీద ఒక్కటిచ్చింది.

కాజీపేట అమ్మాయి తొణకలేదు. ఫోను తీసి, అందులోనూ పెట్టుకున్న సెర్చిలో బర్రె అని కొట్టి, తెర ఆయన ముందు పెట్టింది.

"తిననియ్యి అన్నా. ఇంకోటి పంపిస్త."

ఈ చివరి సంగతి ఎవరికి చెప్పినా నా వంక అదోలా చూస్తున్నారు. అయితే ఈసారి సాక్షులున్నారు. ఒక్కరూ ఇంకా రిటైరు కాలేదు.