పొట్ట మెత్తగా ఉందా?

మా పాపకు నీళ్ళు పోసే మామ్మ పోయిందని మొన్న పొద్దున కింద వాటా ఆవిడ వచ్చి చెప్పింది. నేను పాలిస్తూ కూర్చునే కునుకు తీస్తున్నాను. అయ్యో అనడానికి కూడా ఓపిక లేకపోయింది. ఏడుపు సాయంత్రానికి వచ్చింది.

వన్ టౌన్‌లో మా సందులో చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఆమే వచ్చేది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, పాపను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. పోయినావిడ గురించి రాస్తూ, పాప దొడ్డికెళ్ళే సంగతులేమిటని మీరు నొసలు చిట్లిస్తారేమో. నాకు ఆమె గుర్తొచ్చేదే అక్కడ.

మొదటి నెలలో పాప రోజుకు పదిసార్లు, పసుపుగా, నీళ్ళగా, ఆవగింజల్లాంటి పలుకులతో వెళ్ళేది. విరేచనాలని హడలిపోయాను.

"తల్లిపాలు తాగే పిల్ల అట్టాగే వెళ్తదమ్మా. ఉతుక్కోవటం నీ పని," అంది మామ్మ. ఉతికాను. ఇంకేం చేస్తాను.

మూడో నెలలో అంతా తిరగబడింది. ఆరు రోజులైనా వెళ్ళలేదు. మా అత్తగారు తమలపాకు తొడిమకు ఆముదం రాసి, పాపకు కింద పెట్టడానికి సిద్ధం చేశారు. మా ఆయన పాలపొడి డబ్బా తెచ్చారు. నా పాలు పడటం లేదని ఇద్దరూ తేల్చేశారు. నేనూ ఒప్పుకున్నాను, డబ్బా పడితే కాసేపు నిద్రయినా పోవచ్చని.

మామ్మ పాప పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూసింది. "మెత్తగా ఉంది. పాలు తాగుతుంది, ఉచ్చ పోస్తుంది, నవ్వుతుంది. ఇంకేంటండీ? పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చగా కక్కినా, నెత్తురు పడినా నన్నడగొద్దు, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి."

"మా పిల్లలందరికీ తొడిమ పెట్టాం," అన్నారు అత్తగారు, నొచ్చుకుని.

"నేనూ పెట్టానండీ, నా పెద్దదానికి. పుండుపడి ఎన్నాళ్ళో ఏడ్చింది. నా పాలే మంచివి కావని మానిపించారు. మానేశాను." తొడిమ తీసి బయట పారేసింది.

తొమ్మిదో రోజు నీళ్ళు పోస్తుండగా, పాప ఆమె చీర మీదే వెళ్ళింది. మెత్తగా, బోలెడంత. మామ్మ కుచ్చిళ్ళు జాడించుకుని, ఆ తడి చీరతోనే పక్కింటికి వెళ్ళిపోయింది.

పాప మళ్ళీ ఐదు రోజులుగా వెళ్ళలేదు. అత్తగారు అలమరలో మూత తీయని డబ్బా వైపు చూస్తున్నారు. ఇవాళ పీట మీద నేనే కూర్చున్నాను. కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని పొట్ట మీద అరచెయ్యి పెట్టాను. మెత్తగానే ఉంది. ఆ మాట ఇంకెవరైనా నాతో అంటే బాగుండుననిపించి, చెంబులో నీళ్ళు చల్లారిపోతున్నా చెయ్యి అక్కడే ఉంచాను.