మేనత్త మళ్ళీ పోయింది

ఆ పెద్ద హోటల్ కింది అంతస్తులో, కిటికీల్లేని లాండ్రీ గదిలో, మడతలక్కను ఎరగనివాళ్ళు లేరు. దుప్పటి ఆమె చేతిలో పడిందంటే మూల మీద మూల కూర్చోవలసిందే. అయితే అంతంత దుప్పట్లు ఒక్కరి వల్ల మడత పడవు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. ఆమెకు అవతలి కొస పట్టుకునేవాడు అన్నయ్య.

తోడబుట్టినవాడేమీ కాదు. పనిలో చేరిన కొత్తలో ఇస్త్రీ రోలర్‌కి దుప్పటి ఎలా అందించాలో, వేళ్ళు ఎక్కడ ఆపాలో నేర్పినవాడు. ఆ ఒక్క విద్యకే ఆమె అతన్ని అన్నయ్యను చేసుకుంది. మాటకారి. "నిన్న దీని మీద పడుకున్నాయన పెళ్ళాంతో పోట్లాడాడు చెల్లెమ్మా, ముడతలు చూడు" అనేవాడు. గదంతా గొల్లుమనేది.

కానీ తాగుతాడు. సాయంత్రాలు తాగేవాడు కాస్తా మధ్యాహ్నానికి దిగాడు, ఇప్పుడు పొద్దున్నే తూలుతూ వస్తున్నాడు. అతను పట్టిన మూల తూర్పుకి పోతే అంచు పడమటికి పోయేది. అవన్నీ విప్పి మళ్ళీ మడిచేది ఆమె. అతన్ని రోలర్ దగ్గరికి పోనివ్వకుండా కాపలా కాసేదీ ఆమే.

అతను రాని రోజున సూపర్‌వైజరమ్మకి ఏదో ఒకటి చెప్పాలి కదా! అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పాపం, మడతలక్కకి ఆ విద్య లేదు. "వాళ్ళ మేనత్త పోయిందండీ" అనేసింది. పని జరిగింది. రుచి మరిగి, ఇంకోసారీ అదే మాట అంది.

"మొన్నేగా పోయింది?"

"ఆవిడ పెద్దత్తండీ. ఈవిడ చిన్నత్త."

ఆ తర్వాత నడిపత్తనీ సాగనంపింది. నిజానికి అన్నయ్యకున్నది ఒకే ఒక్క మేనత్త. తల్లి లేని పిల్లాణ్ణి పెంచి పెద్దచేసింది ఆవిడే.

ఇలా ఉండగా ఒకరోజు అన్నయ్య ఊగుతూ వచ్చి, వద్దంటున్నా వినకుండా తిన్నగా రోలర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. చొక్కా చెయ్యి లోపలికి పోబోయింది. మడతలక్క కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది. అతని వేలి కణుపు మాత్రం చుర్రుమంది. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయనగారు మాత్రం నవ్వుతూ వెనక్కి తూలి, దుప్పట్ల ట్రాలీలో పడి, అక్కడే నిద్రపోయాడు.

అంతలో మెట్ల మీద సూపర్‌వైజరమ్మ చెప్పుల చప్పుడు. మడతలక్క గబుక్కున అతని మీద ఒక దుప్పటి కప్పేసింది.

"ఏడీ మీ అన్నయ్య?"

"మేనత్త పోయిందండీ."

"ఈసారి ఏ అత్త?"

"మిగిలిన అత్తండీ."

ట్రాలీ గుర్రు పెట్టింది.

"ఏమిటా చప్పుడు?"

"చక్రానికి నూనె లేదండీ" అంటూ మడతలక్క ట్రాలీని తొయ్యడం మొదలుపెట్టింది. ఆగితే కొంప మునుగుతుంది. వాషింగ్ మెషీన్ల చుట్టూ, ఇస్త్రీ బల్లల మధ్యగా, సబ్బునీళ్ళ మీద జారుతూ ఆమె పరుగు. వెనకాలే సూపర్‌వైజరమ్మ నడక. పనివాళ్ళు తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. మడతలక్కకూ భయం భయంగానే నవ్వు తన్నుకొస్తోంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఒక ముసలావిడ వచ్చింది.

"మావాడు అన్నం డబ్బా మరిచిపోయాడమ్మా. నేను వాడి మేనత్తని."

మడతలక్క చేతులు జారిపోయాయి. ట్రాలీ తన దారిన తను పోయి గోడకి గుద్దుకుంది. దుప్పట్లలోంచి ఒక తల లేచింది.

"ఏమైంది?"

"మీ మేనత్త పోయిందటయ్యా" అంది సూపర్‌వైజరమ్మ.

అన్నయ్య భోరుమన్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ గుమ్మం వైపు చూసి, "అత్తా! నువ్వు పోయావంట!" అన్నాడు.

ఇంకేముంది, గది గదంతా పగలబడి నవ్వింది. సూపర్‌వైజరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. మడతలక్క నవ్వలేక నేల మీద కూలబడి, తలెత్తి చూసేసరికి అత్త ఒక్కతే నవ్వడం లేదు. మేనల్లుడి కాలిన వేలు పట్టుకుని ఊదుతోంది.

నవ్వులు ఆగాక సూపర్‌వైజరమ్మ పోయిన అత్తల లెక్కంతా వేళ్ళ మీద చదివి, అడిగింది. "ఎన్నాళ్ళుగా ఈ తాగుడు?"

'ఇవాళే అండీ, మొదటిసారి' అన్న మాట మడతలక్క నాలుక చివరే ఉంది. చెప్పెయ్యమని అన్నయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"నన్ను ఇన్నిసార్లు చంపావంట కదా తల్లీ" అంది అత్త. "నాకేం కోపం లేదు. కానీ ఇంకొక్క అబద్ధం ఆడావంటే ఈసారి పోయేది వీడే."

మడతలక్క ఉన్నదంతా చెప్పేసింది. సూపర్‌వైజరమ్మ ఇద్దర్నీ కలిపి ఉతికి ఆరేసింది. చివరికి, తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేరాలనీ, మాని వస్తే పని ఉంటుందనీ తేల్చింది. అన్నయ్య వెళ్తూ వెళ్తూ, "నువ్వు నాకు చెల్లెలివే కాదు" అన్నాడు. ఆమె ఒక శుభ్రమైన తువ్వాల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ఆ తువ్వాలు తనే ఉతుక్కోవలసివచ్చింది.

వానలు వెలిశాక ఒక ఉదయం అతను తిరిగి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. తిన్నగా వచ్చి దుప్పటి అవతలి కొస పట్టుకున్నాడు.

"అత్త బాగుందా?" అంది ఆమె.

"బాగుంది. మళ్ళీ ఎప్పుడైనా చంపాలనుకుంటే ముందు తనకో మాట చెప్పమంది చెల్లెమ్మా."

చెల్లెమ్మా! మడతలక్క పొట్ట పట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే దుప్పటి విదిలించి ఎదురెదురుగా నడిచారు. అతని చేతులు వణుకుతున్నాయి. మూల కలవలేదు. అలవాటు కొద్దీ సర్దబోయి ఆమె చెయ్యి చాచింది.

"ఉండు. నేను చేస్తా" అన్నాడు అన్నయ్య.

మడత విప్పేసి, వెనక్కి నడిచి, మళ్ళీ మొదటినుంచి పట్టుకున్నాడు. ఆమె తన కొస పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడింది.