పనస జిగురు, వలిసె నూనె

2001లో అరకులో మాస్టారుగా ఉండగా, సాలూరు మామగారి కొత్త కారు అడిగి తెచ్చాను. పనసచెట్టు కింద నిలిపితే, ఎవరో కాయలు కోసినప్పుడు బానెట్ మీద పాలు కారి గట్టిపడ్డాయి. సాయంత్రానికి కారు అప్పగించాలి. కడిగి పాలిష్ పెట్టడం నాకదే మొదలు. సబ్బుతో తోమినా జిగురు వదలకపోతే బ్లేడు తీశాను.

"ఆగు మాస్టారూ, రంగు లేసిపోతాది" అంటూ పక్కింటి గిరిజన రైతు కొండమ్మ, తన పొలంలో పండిన వలిసె గింజల నూనె తెచ్చింది.

"నూనెకి రంగు పోదా?"

"ఏటో, నాకేటి తెలుసు? ముందు కనపడని కాడ రాసి సూద్దుం."

తలుపు అడుగున ఒక చుక్క రాసి, చాలాసేపు చూసింది. రంగు చెక్కుచెదరలేదని తేలాకే నూనె గుడ్డతో బానెట్ తుడిచింది. జిగురంతా గుడ్డకు వచ్చేసింది. ఒక్క గీత పడలేదు.

పరీక్షించనిదే దేన్నీ నమ్మవద్దని, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా వాదించిన నేను, పరీక్ష అంటే ఏమిటో ఆ రోజు ఆమె చేతుల్లో చూశాను.