ఊక బాయిలర్‌కు ఓపిక నేర్పిన ముసురు

తెలంగాణ వచ్చిన కొత్తలో, హాలియా దగ్గర వడ్ల ఊక కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటులో కంప్యూటర్ల పని చూసేవాణ్ని. మా బాయిలర్ తుమ్మితే నకిరేకల్ దాకా దీపాలు ఆరిపోతాయని చుట్టాలకు చెప్పుకునేవాణ్ని. నిజానికి అది ఆగితే గేటు ముందరి చాయ్ హోటల్లో ఫ్యాను కూడా ఆగేది కాదు.

దానికి వానాకాలం పడేది కాదు. తడి ఊక పడగానే మంట మందగించి, ఆవిరి ఒత్తిడి తగ్గేది. ఊక ఎంత వెయ్యాలో తేల్చే కంట్రోలర్ కంగారుపడి ఇంకింత ఊక కుమ్మరించేది. అదంతా ఆరి ఒక్కసారే అంటుకునేసరికి ఒత్తిడి ఎగదన్ని, ప్లాంటు దానంతట అదే ఆగిపోయేది. ఓనరు సేటు విసిగిపోయాడు.

"గీ వానలల్ల గూడ గిట్లనే ఆగుతే తాళం ఏసి పోత" అన్నాడు.

బాయిలర్ నడిపే భాయ్ నాకన్నా పెద్దవాడు. ఆయనకు వేరే పని రాదు, నాకు వేరే పని దొరకదు. అందుకని కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి బాయిలర్‌ను తయారుచేశాను. దాని మీద నేను రాసే కొత్త కంట్రోలర్‌ను ఎన్నిసార్లు చెడగొట్టుకున్నా నష్టం లేదు. మొదటి రోజే అద్భుతంగా నడిచింది. లోకంలోని బాయిలర్లన్నీ వరుసకట్టి నా కాళ్లు మొక్కుతాయనుకున్నాను.

భాయ్ తెర వైపు చూసి, "ఇది బాయిలరా తమ్మీ, కొత్తల్లుడా? గింత మర్యాద ఏడిది? జర వాన కొట్టియ్యి" అన్నాడు.

కొట్టించాను. తడి ఊక, మట్టిపెళ్లలు, బస్తాల పురికొసలు అన్నీ కలిపాను. అసలు బాయిలర్ చేసిన ఆగడాలను ఆయన రోజుకొకటి గుర్తుచేసేవాడు, నేను దాన్ని లెక్కల్లోకి ఎక్కించేవాణ్ని. చివరికి ఉత్తుత్తిది అసలుదాన్ని మించిన పోకిరీ అయింది. దానితో వేగి వేగి కొత్త కంట్రోలర్ కుదిరింది. ఒత్తిడి తగ్గినా అది వెంటనే ఊక పెంచదు. పొయ్యిలో పడ్డది అంటుకునేదాకా ఆగి చూస్తుంది.

దాన్ని అసలు బాయిలర్‌కు పెట్టగానే ముసురు పట్టింది. కృష్ణా నది మా షెడ్డు మీది నుంచే పారిందని ఇప్పటికీ చెబుతుంటాను. ప్లాంటు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. భాయ్ కుర్చీలో కూర్చునే కునుకు తీశాడు.

ముసురు వెలిశాక సేటు ఎవరెవరినో వెంటబెట్టుకొచ్చి, తెర మీద వంకర పోకుండా సాగిన ఒత్తిడి గీతను చూపించాడు. వాళ్లు తృప్తిగా తలలూపారు. బాయిలర్‌ను కొనుక్కుపోయేవాళ్లట.

"ఆగే బాయిలర్‌ను ఎవడు కొంటడు? మీ పుణ్యాన అమ్ముడువోయింది" అని సేటు మా ఇద్దరికీ మిఠాయి పెట్టాడు.

లారీలు వచ్చిన రోజు నేను కంప్యూటర్ సర్దుతుంటే భాయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తెర మీద ఉత్తుత్తి బాయిలర్ నడుస్తూనే ఉంది.

"దీన్ని గూడ కొన్నరా?"

"లేదు భాయ్. ఇది ఎవలకు పనికిరాదు."

"మంచిగనే నడుస్తాంది గదా" అని కాసేపు చూశాడు. "అయితే దీంట్ల నాకో డ్యూటీ ఏసియ్యి తమ్మీ."

నేను లేచి ఆయనకు కుర్చీ ఇచ్చాను. బయట బాయిలర్‌ను లారీకెత్తి తాళ్లు బిగించేదాకా ఆయన తెర మీది ఉత్తుత్తిదాన్ని నడుపుతూ కూర్చున్నాడు.