ఆదివారం తోమే బాకా

ఆ వీధిలో ఆమెను అందరూ బాకావాళ్ళావిడ అంటారు. బాకా వాయించిన మహానుభావుడు పోయి పదకొండేళ్ళయింది, పేరు మాత్రం ఆమెకు అతుక్కుపోయింది. ఎప్పటిదో పాత ఇత్తడి బాకా అది. ప్రతి ఆదివారం ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పాలిష్ పొడి అద్ది గుడ్డ చిరిగేదాకా తోమేది. తోముతూ వారంలో జరిగిన సంగతులన్నీ ఆయనకు చెప్పుకునేది. ఆ మెరుపు చూస్తే అద్దం కూడా సిగ్గుపడాలి, నిజం!

కూడా ఉండే చెల్లెలు ఊరుకునే రకం కాదు. వానొస్తే ఆ ఇంట్లో మంచం కింద తప్ప పొడిచోటు దొరకదు మరి.

"అక్కా, పాత బాకాలు లక్షలు పలుకుతున్నాయంట. ఒక్కసారి చూపిద్దాం. విలువుంటే అమ్మేసి పైకప్పు వేయించుకుందాం. లేదంటే మళ్ళీ ఈ మాటెత్తితే ఒట్టు!" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

అక్క సరేనంది. అది చిల్లిగవ్వ కూడా చేయకూడదని మనసులో వెయ్యి దండాలు పెట్టుకుంది.

వాయిద్యాలు బాగుచేసే ముసలాయన షాపులో గోడనిండా బూరలు వేలాడుతున్నాయి. ఆయన బాకాను భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. మూడు మీటలూ నొక్కి చూశాడు. వెడల్పాటి మూతి దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

"ఎవరమ్మా దీన్నిలా తోమింది?"

"నేనేనండీ," అంది ఆమె గర్వంగా.

"కొంప ముంచారు కదమ్మా! ఇక్కడ చేసినవాడి పేరు, ఏడాది చెక్కి ఉండాలి. అరగదీసేశారు. పాత ఇత్తడికి కాలంతో పట్టే మసకే విలువ. పట్టుకునే చోట వాయించినాయన చేతి అచ్చు కూడా లేదు. ఇంక తూకానికి అమ్ముకోవడమే."

చెల్లెలు ఉసూరుమంది. అక్కకేమో ఎగిరి గంతేయాలనిపించింది. గబగబా బాకాను సంచిలో పెట్టబోయి, సగంలో ఆగింది.

"చేతి అచ్చంటే... మా ఆయనదా?"

"మరెవరిదమ్మా? ఏళ్ళ తరబడి పట్టుకుంటే చెమటకు ఇత్తడి రంగు మారిపోతుంది. అదే అచ్చు."

పాపం, ఆమె కుర్చీలో కూలబడిపోయింది. పదకొండేళ్ళుగా వారం వారం ఆయన చేతిని తన చేత్తోనే చెరిపేసుకుంది. అయ్యో, ఎంత పని చేసింది!

"కాస్తయినా మిగల్లేదా అయ్యా?"

ముసలాయన టార్చి వేసి వెతికాడు. మీటల గొట్టాల మధ్య, గుడ్డ చుట్టిన వేలు దూరని సందులో, వేలి కొనంత గోధుమరంగు మరక కనిపించింది.

"ముట్టుకుంటే పోతుందా?"

"ముట్టుకుంటే పోదమ్మా. తోమకండి, చాలు."

మళ్ళీ ఆదివారం వచ్చింది. చెల్లెలు గుడ్డనూ పొడినీ ఎక్కడో దాచేసి, పైకప్పు మాట ఎత్తకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె బాకాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులకు పని లేకపోతే ఆమెకు నోరు పెగలదు. వారం సంగతులు ఒక్కటీ గుర్తుకు రాలేదు. చాలాసేపటికి చిటికెనవేలు ఆ సందులోకి పోనిచ్చి మరక మీద ఆనించింది.

"తెలియక తోమేశానండీ," అంది.