నడవని ప్రోగ్రాంకు దక్కిన కుర్చీ

డెబ్బైల చివర్లో నేను ఒక సర్కారీ కార్ఖానా కంప్యూటర్ గదిలో ఆపరేటర్ని. కాలేజీ మొహం చూడలేదు. పారేసిన మాన్యువళ్ళు ఇంటికి తెచ్చుకుని నేర్చుకున్నాను. నా తోటి ఆపరేటర్ పురానాపూల్‌లో మా గల్లీవాడే, నాకంటే చిన్నవాడు. ఇద్దరిలో ఒకరిని ప్రోగ్రామర్‌ని చేస్తానన్నాడు మా సాబ్. స్టోర్సు నిల్వల రిపోర్టు ఎవరు బాగా తీస్తే వాళ్ళకే కుర్చీ.

అప్పట్లో ప్రోగ్రాం అంటే చిల్లులు పొడిచిన కార్డుల కట్ట. దానికి ముందు ఇంకో నాలుగైదు కార్డులు పెట్టాలి. ఏ టేపు చదవాలో, ఎక్కడ అచ్చు వేయాలో మిషన్‌కు చెప్పేవి అవే. నేను కళ్ళతో చూసుకుని నేరుగా నడిపాను. టేపు నంబరులో ఒక అంకె తప్పు పడింది. అది కార్డులకు చిల్లులు పొడిచే మిషన్ తప్పేనని ఇప్పటికీ అంటాను. పని మధ్యలో ఆగింది, వెనకున్న పనులన్నీ ఆగాయి. సాబ్ అందరి ముందూ అరిచాడు.

మా గల్లీవాడేమో తన కట్ట పైన ఇంకో కార్డు పెట్టాడు. ముందు కార్డులు సరిగ్గా ఉన్నాయో చూడు, ప్రోగ్రాం మాత్రం నడపకు అని చెప్పే కార్డు అది. మిషన్ చూసి, తప్పుల్లేవని కాగితం అచ్చేసింది. సాబ్ దాన్ని గదంతా తిప్పి చూపించాడు.

"ముందుగాల అడగాలె అన్నా, మిషనే చెప్తది," అన్నాడు వాడు క్యాంటీన్‌లో.

"ఏంది చెప్పేది? నీ ప్రోగ్రాం ఒక్క అడుగన్న ఎయ్యలే!"

"రేపు ఏస్తది తియ్యి, ఫికర్ చెయ్యకు."

మర్నాడు వాడు ఆ కార్డు తీయడం మరిచాడు. మిషన్ మళ్ళీ తప్పుల్లేవని కాగితమిచ్చి ఊరుకుంది. స్టోర్సు వాళ్ళు పట్టుకుపోయింది నేను దిద్ది నడిపిన రిపోర్టునే. అయినా కుర్చీ వాడికిచ్చారు!

"నీది నడిసింది భాయ్, గని మస్తు లొల్లి చేసింది. మీ గల్లీవాడు ఎన్నడన్న మిషన్ ఆపిండా?" అన్నాడు సాబ్.

అసలు నడవనిది దేన్ని ఆపుతుంది?

ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో చెంబెడు బర్రెపాలు.

"మీ దోస్తు ఇచ్చి పోయిండు. పెద్ద నౌకరీ అయ్యిందంట," అంది నా భార్య.

"ఇరిగినయేమో సూడు."

"కాగబెట్టకుంట ఎట్ల ఎర్కయితది?"

"గా మాట వచ్చి మా సాబ్‌కు చెప్పు!"

ఆమె నవ్వి పొయ్యి మీద పెట్టింది. పక్కనే నిలబడి చూశాను. పాలు పొంగాయే తప్ప విరగలేదు. ఆ పాలతో పెట్టిన చాయ్ ఎట్లుందని అడిగితే, చక్కెర తక్కువైందన్నాను.